వెనక వచ్చే కారు

పిల్లలూ, మీ ఊళ్ళో పాత అంబాసిడర్ కారు ఒక్కటైనా ఉన్నదా? ఉంటే దాని యజమానిని అడిగి ఒకసారి దగ్గరగా చూడండి. నెత్తి గుండ్రంగా, బొజ్జ ముందుకు వచ్చి, పెళ్ళింట్లో అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలాగా ఉంటుంది. మీ అమ్మమ్మగారు పెళ్ళికూతురై ఎక్కినది అలాంటి కారే అయివుండవచ్చు. ఇంటికి పోయి అడగండి, చెబుతారు.

మా ఇంట్లో అలాంటిది ఒకటి ఉన్నది. 1971లో తయారైంది. మా నాన్నగారు 1978లో దానిని ఒకరి దగ్గర కొని, నరసరావుపేటలో బాడుగకు తిప్పేవారు. కోటప్పకొండ తిరునాళ్ళకు, సాగరుకు, పెళ్ళిళ్ళకు, పురుడు పోసుకోవడానికి గుంటూరు పెద్దాసుపత్రికి, అన్నింటికీ ఆ కారే. ఆయన పోయిన తరువాత అది నా చేతికి వచ్చింది. నేను బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. బాడుగకు తిప్పవలసిన అవసరం నాకు లేదు. కాని అమ్మబుద్ధి కాలేదు.

కిందటి సంవత్సరం ఆ కారుతో ఒకరోజు ప్రయాణం చేశాను. ఆ ప్రయాణంలో నేనొక తప్పు చేశాను. దానిని మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ ప్రయాణం ఎలాంటిదో చెబుతాను. పాత కార్లు ఉన్నవాళ్ళు నలుగురూ కలిసి, ఒక ఉదయం అన్ని కార్లనూ వరసగా పెట్టుకుని, మంచి దారి వెంట వెళ్ళి, చూడవలసినవి చూసి, కలిసి భోంచేసి, చీకటి పడేవేళకు తిరిగి రావడం, అంతే. పందెం కాదు. ముందు చేరినవాడికి బహుమతీ లేదు. ఇది ఇంగ్లండులో మొదలైన సరదా. అక్కడ ఒకప్పుడు గుర్రం లేని బండి గంటకు 4 మైళ్ళకు మించి పోరాదనీ, దాని ముందు ఒక మనిషి నడుస్తూ పోవాలనీ చట్టం ఉండేది. ముందు మనిషి నడిచే మోటారును ఊహించుకోండి! 1896లో ఆ చట్టం మారి, 14 మైళ్ళ వేగందాకా పోవచ్చునన్నారు. ఆ సంతోషంలో ఆ ఏడు నవంబరు 14న కొందరు లండను నుంచి బ్రైటన్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి తమ మోటార్లలో ఊరేగింపుగా వెళ్ళారు. (ఆ తేదీ మనకు బాలల దినోత్సవం. వాళ్ళకు ఆ సంగతి తెలిసే వీలు లేదనుకోండి.) 1927లో ఆ ఊరేగింపును మళ్ళీ మొదలుపెట్టారు. 1905కు ముందు తయారైన బండ్లు ఈనాటికీ నవంబరులో ఆ దారిన వెళుతుంటాయి. మన దేశంలో ఢిల్లీలో 1964 నుంచి స్టేట్స్‌మన్ పత్రికవారు పాత కార్ల ఊరేగింపు జరుపుతూ వచ్చారు.

మాది అంతటి పెద్ద సంఘం కాదు. అయిదు కార్లు, పదిహేడుమంది మనుషులు. సంఘానికి పేరు కూడా పెట్టలేదు. పేరు పెడితే అధ్యక్షుణ్ణి పెట్టాలి, అధ్యక్షుణ్ణి పెడితే తగాదా వస్తుంది అన్నారు మా మేస్త్రీగారు.

మేస్త్రీగారి సంగతి చెప్పాలి. ఆయనకు ఎనభై దాటాయి. మా నాన్నగారికి ప్రాణస్నేహితులు. నేను ఆయనను బాబాయ్ అని పిలుస్తాను. నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్న రోజుల్లో, పదిహేడేళ్ళ కుర్రవాడిగా అక్కడ లారీలు బాగుచేసే షెడ్డులో పానాలు అందించే పనికి చేరి, పని నేర్చుకున్నారు. మా అంబాసిడర్ బతికి ఉన్నదంటే ఆయన చేతి చలవే. ఇంజను మూత తెరవకుండా, చప్పుడు విని జబ్బు చెబుతారు.

ఆ ప్రయాణం కోసం నేను కారుకు కొత్తగా రంగు వేయించాను. 50 ఏళ్ళు దాటిన పాత బండ్ల కోసం 2021లో ప్రభుత్వం వేరే నిబంధనలు తెచ్చింది. అసలు రూపం చెడకుండా ఉన్న సొంత బండికి, నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలతో ప్రత్యేకమైన పలక ఇస్తారు. నా కారుకు కూడా అది వస్తే బాగుండునని నాకు ఆశ పుట్టింది. అందుకని కంపెనీవారు పెట్టినవి కానివన్నీ ఒక్కొక్కటే పీకించాను. నాన్నగారు తగిలించిన గంట, కర్టెన్లు, కప్పు మీది సామాను చట్రం, అన్నీ పోయాయి. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద ఆయన ఒక గుండ్రటి అద్దం పెట్టించుకున్నారు. అది కూడా తీయించి, బోల్టు రంధ్రాలు పూడ్పించి, పైన తెల్లరంగు కొట్టించాను. అప్పుడు మేస్త్రీగారు అక్కడే ఉన్నారు. ‘‘అదెందుకు తీస్తావు అబ్బాయ్?’’ అని ఒక్క మాట అడిగారు. ‘‘అసలు కారుకు అది లేదు బాబాయ్’’ అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

ఫిబ్రవరి నెలాఖరు ఆదివారం. తెల్లవారుజామున ఆరుగంటలకు నరసరావుపేటలో అందరం కలుసుకున్నాము. దక్షిణాన కోటప్పకొండ మూడు శిఖరాలూ మసగ్గా కనిపిస్తున్నాయి. శివరాత్రి దగ్గర పడింది గనక చుట్టుపక్కల ఊళ్ళలో ప్రభలు కడుతున్నారు. ప్రభ అంటే తెలుసు గదా? బొంగులతో, బాదులతో తాటిచెట్టును మించిన ఎత్తున కట్టి, రంగుకాగితాలు, విద్యుద్దీపాలు పెట్టి, కొండ దగ్గరికి లాక్కుపోతారు. కోటప్పకొండ మీద కాకి వాలదని మావైపు అంటారు. నేను చిన్నప్పుడు ఒక పూటంతా కాకి కోసం ఎదురుచూశాను. ఆ పూటకు రాలేదు. సైన్సు మాస్టరుగా ఒక్కపూట పరిశీలన చాలదని మాత్రం చెప్పగలను.

మా అయిదు కార్లూ ఇవి. అన్నింటికన్నా ముందు ఒక స్టాండర్డ్ హెరాల్డ్. దీనిని మద్రాసులో 1961 నుంచి పదేళ్ళపాటు తయారుచేశారు. దీని ఇంజను మూత మామూలు మూతలాగా కాక, మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది, మొసలి నోరు తెరిచినట్లు. దాని వెనక ఇంకొక అంబాసిడర్, తరువాత ఒక జీపు, తరువాత నా అంబాసిడర్, చివరన ఒక ఫియట్. దాని మీద ప్రీమియర్ పద్మిని అని రాసి ఉన్నా, మా వైపు దానిని ఎవ్వరూ పద్మిని అనరు, ఫియట్ అనే అంటారు. అది ఒక డాక్టరమ్మగారిది. వారి భర్తగారు పోయినప్పటి నుంచీ ఆమే నడుపుతారు. ఆమెతో పదేళ్ళ మనుమరాలు, ఏడేళ్ళ మనుమడు వచ్చారు. ఫియట్ కాస్త నలతగా ఉన్నదని మేస్త్రీగారు దానిలో కూర్చున్నారు. ఆ కారు డిక్కీ చిన్నది. అందువల్ల ఆయన పనిముట్ల పెట్టె, నీళ్ళ క్యాను, ఆఖరుకు డాక్టరమ్మగారి చేతిసంచి కూడా నా కారులోకి చేరాయి. వెనక సీటులో మా ఆవిడ, ఆవిడ చెల్లెలు, వాళ్ళ మధ్య సంచులు, సంచుల మీద అరటిపళ్ళ గెల. లోపలి అద్దంలో చూస్తే నాకు అరటిపళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

బయలుదేరే ముందు మేస్త్రీగారు అందరినీ నిలబెట్టి ఒక్కటే నియమం చెప్పారు.

‘‘ముందు బండిని చూడవద్దు. అది ఎటూ పోదు. వెనక బండిని చూడండి. అది కనిపించకపోతే నెమ్మదించండి. అప్పటికీ రాకపోతే ఆగండి. మలుపు తిరగవలసి వస్తే, వెనకవాడు మిమ్మల్ని చూశాడని రూఢి అయ్యాకే తిరగండి.’’

ఈ నియమం ఎంత తెలివైనదో చూడండి. చివరి కారు ఆగిపోయిందనుకుందాం. దాని ముందున్నవాడు అద్దంలో చూసుకుని తానూ ఆగుతాడు. అతను కనిపించక అతని ముందువాడు ఆగుతాడు. ఇలా గొలుసులాగినట్లుగా కబురు మొదటి కారుదాకా పోతుంది. ఫోను అక్కరలేదు, ఈల అక్కరలేదు. కాని ఒక్క కొలికి ఊడితే చాలు, గొలుసు ఏమీ చెప్పలేదు.

పిడుగురాళ్ళదాకా హాయిగా వెళ్ళాము. హెరాల్డు అన్నింటికన్నా నెమ్మది బండి గనకనే దానిని ముందు పెట్టాము. 45 కిలోమీటర్ల వేగం దాటలేదు. లారీలు, బస్సులు, ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. స్కూటరు మీద వెళుతున్న ఒకాయన మా పక్కనే కొంతదూరం వచ్చి, ‘‘షూటింగా అండీ?’’ అని అడిగాడు. కాదంటే నమ్మలేదు.

నెమ్మదిగా పోవడంలో ఒక లాభం ఉన్నది. నేను ఆ దారిన కొన్ని వందలసార్లు వెళ్ళివుంటాను, కాని ఆరోజు చూసినంతగా ఎన్నడూ చూడలేదు. కల్లాలలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎకరాలకు ఎకరాలు ఎర్ర తివాసీ పరచినట్లు ఉంటుంది. కారు అద్దాలు దించితే ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది. మా వరసలో మొదటి కారులో తుమ్ములు మొదలై చివరి కారుదాకా వచ్చాయి. చేలగట్లకు కంచెలేమో నాపరాళ్ళు. బండలు బండలుగా నిలువునా పాతి ఉంటాయి. ఇళ్ళలో నేలమీద పరుపులు, అరుగులు, అంతా ఆ రాయే. ఈ పల్నాటి సున్నపురాయి ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్నది. అదే రాయిని పిడుగురాళ్ళలో బట్టీలలో కాలుస్తారు. 900 డిగ్రీల వేడిలో రాయిలోని బొగ్గుపులుసు గాలి బయటికి పోయి సున్నం మిగులుతుంది. మీ గోడకు వేసిన సున్నం ఒకప్పటి సముద్రం అడుగు అన్నమాట.

పిడుగురాళ్ళలో ఇడ్లీలు తిన్నాము. పదిగంటలకు గురజాల చేరాము. పల్నాటి వీరుల కథ మీరు వినివుంటారు. నలగామరాజు, ఆయన మంత్రి నాగమ్మ ఉన్నది ఈ గురజాలలోనే. మలిదేవరాజు, బ్రహ్మనాయుడు ఇక్కడి నుంచి విడిపోయి మాచర్లలో రాజ్యం పెట్టుకున్నారు. ఆ దాయాదుల తగవు చివరికి కారెంపూడి దగ్గర యుద్ధమై ఎందరో చచ్చిపోయారు. ఇది 12వ శతాబ్దపు మాట. ఆ రెండు రాజధానుల మధ్య దారి మాకు గంట ప్రయాణం. ఇంత దగ్గర వాళ్ళు ఎందుకు కొట్టుకున్నారమ్మా అని డాక్టరమ్మగారి మనుమడు అడిగాడట. దగ్గరవాళ్ళు కాబట్టే అన్నారట మేస్త్రీగారు.

గురజాల దాటాక దారి బాగున్నది. బండ్లు తక్కువ. నా కారు ఇంజను సన్నగా పాడుతున్నది. కొత్త రంగు ఎండకు తళతళ మెరుస్తున్నది. ఊళ్ళలో జనం ఆగి చూస్తున్నారు. ఒక టీకొట్టు దగ్గర ఒక ముసలాయన లేచి నిలబడి చెయ్యి ఊపాడు. ఇక నాకు మనసు నిలవలేదు. ముందు జీపు కాస్త దూరమైంది. దానిని అందుకోవాలని కాలు నొక్కాను. రెంటచింతలలో జనం మధ్య కాస్త నెమ్మదించి, ఊరు దాటగానే మళ్ళీ నొక్కాను. దారి ఎడమకు తిరిగింది, మళ్ళీ తిరిగింది. కుడి అద్దంలో ఖాళీ పొలాలు. లోపలి అద్దంలో అరటిపళ్ళు. వెనక ఫియట్ వస్తున్నదనే అనుకున్నాను.

‘వస్తున్నది’ అనడం వేరు, ‘వస్తున్నదనే అనుకున్నాను’ అనడం వేరు.

మాచర్ల చేరి చెన్నకేశవస్వామి గుడి దగ్గర కార్లు ఆపాము. హెరాల్డు, అంబాసిడర్, జీపు, నాది. నాలుగే. అయిదు నిమిషాలు చూశాము. పది నిమిషాలు చూశాము. అప్పుడు జీపాయన నన్ను అడిగాడు: ‘‘మాస్టారూ, ఫియట్‌ను ఆఖరున ఎక్కడ చూశారు?’’

నేను ఆలోచించాను. రెంటచింతలకు ముందో, తరువాతో కూడా చెప్పలేకపోయాను.

డాక్టరమ్మగారికి ఫోను చేశాము. నా కారు వెనక సీటులో ఆమె చేతిసంచిలో ఫోను మోగింది. మేస్త్రీగారికి ఫోను ఉన్నది గాని, ఆయన దానిని పారేసుకుంటాననే భయంతో ఇంట్లో పెట్టి వస్తారు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, డెబ్భైకి దగ్గరపడిన ఆమె, ఇద్దరు చిన్నపిల్లలు. నీళ్ళ క్యాను నా డిక్కీలో ఉన్నది. టైము పన్నెండు కావస్తున్నది. రెంటచింతల పేరు మీరు వేసవిలో వార్తలలో వినే ఉంటారు. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ నమోదయ్యే ఊళ్ళలో అది ఒకటి. ఫిబ్రవరి అయినా, మిట్టమధ్యాహ్నం ఆ రాతినేల మీద ఎండ ఎండే.

ఆడవాళ్ళను దింపి, కారు వెనక్కి తిప్పాను. ఆ దారిన నేను ఎంత వేగంగా వెళ్ళానో చెప్పను. అది కూడా తప్పే.

రెంటచింతల ఇవతల, రోడ్డుపక్క ఒక వేపచెట్టు కింద ఫియట్ కనిపించింది. దాని మూత తెరిచి ఉన్నది. పిల్లలిద్దరూ నాపరాయి మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రీగారు చొక్కా లేకుండా బనియనుతో ఇంజను మీదికి వంగి ఉన్నారు. పక్కన మిరపచేలో పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. నేను కారు దిగగానే ఆ పదేళ్ళ అమ్మాయి లేచి వచ్చింది.

‘‘తాతగారూ, మా కారు ఆగిపోయినప్పుడు మేము చేతులు ఊపాము. హారను కొట్టాము. మీరు చూడలేదా?’’ అని అడిగింది.

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. నలభై ఏళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పినవాణ్ణి, దీనికి ఏం చెప్పాలో తోచలేదు. ‘‘చూడలేదమ్మా’’ అన్నాను.

‘‘పెట్రోలు ఆవిరైపోయింది. మేస్త్రీ తాత చెప్పారు. మీకు తెలుసా?’’ అని, నేను తెలుసునని చెప్పేలోగానే చెప్పడం మొదలుపెట్టింది. సగం ఆ అమ్మాయి చెప్పినది, సగం నేను కలిపినది మీకు చెబుతాను.

ఫియట్‌లో పెట్రోలు టాంకీ వెనక ఉంటుంది, ఇంజను ముందు ఉంటుంది. ఇంజనుకు అంటించి ఉన్న ఒక చిన్న పంపు ఆ పెట్రోలును సన్నగొట్టం గుండా లాగుతుంది. మీరు పుల్లగొట్టంతో కొబ్బరినీళ్ళు లాగినట్లే. పెట్రోలు అంటే ఒక్క పదార్థం కాదు, ఎన్నో ద్రవాల కలగలుపు. వాటిలో తేలికైనవి 40 డిగ్రీల వేడికే మరగడం మొదలుపెడతాయి. పైగా లాగుతున్నచోట ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ద్రవాలు ఇంకా తక్కువ వేడికే మరుగుతాయి. ఎత్తైన కొండలమీద నీళ్ళు 100 డిగ్రీలకు ముందే మరిగేది అందుకే. బయట ఎండ, లోపల ఇంజను వేడి, బండి నెమ్మదిగా పోతున్నది గనక గాలి తగలదు. దానితో పంపులో, గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరి అవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. ఆవిరి నొక్కితే నొక్కుకుంటుంది, వదిలితే ఉబ్బుతుంది, ముందుకు కదలదు. టాంకీ నిండా పెట్రోలు ఉన్నా ఇంజనుకు చుక్క చేరదు. ఈ కాలపు పెట్రోలులో కలిపే ఇథనాల్ వల్ల ఆవిరి మరికాస్త తేలికగా పుడుతుంది. నేటి కొత్త కార్లకు ఈ బాధ చాలావరకు లేదు. వాటి పంపు టాంకీలోనే మునిగి ఉండి పెట్రోలును వెనకనుంచి గట్టి ఒత్తిడితో నెడుతుంది.

మందు ఏమిటో తెలుసా? తడిగుడ్డ! పంపు మీద తడిగుడ్డ చుడితే, ఆ తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే. పంపు చల్లబడితే ఆవిరి మళ్ళీ పెట్రోలు అవుతుంది.

గుడ్డ దొరికింది. మేస్త్రీగారు తన చొక్కానే తీసి చుట్టారు. నీళ్ళు కావాలి. కారులో పిల్లలు తాగడానికి తెచ్చుకున్న సీసా ఒకటే ఉన్నది. దానిని పంపు మీద పోయడానికి ఆయన ఒప్పుకోలేదట. ‘‘ముందు పిల్లలు, తరువాత బండి’’ అని, ఎండలో నడుచుకుంటూ పొలంలోకి వెళ్ళి, ఆ ఆడవాళ్ళను అడిగి, బిందె మోయించుకుని వచ్చారట. దాదాపు ముప్పావుగంట పట్టింది. నా డిక్కీలో ఇరవై లీటర్ల క్యాను మూత తీయకుండా ఉన్నది.

నేను క్యాను దించి ఆయన ముందు పెట్టాను. ఆయన దానిలో నీళ్ళు తాగి, ముఖం కడుక్కున్నారు. ఆయన చేతులు సన్నగా వణుకుతున్నాయి. డాక్టరమ్మగారు ఆయన నాడి చూసి, ఇంకో గ్లాసు తాగించి, నీడలో కూర్చోబెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆమె గాని, ఆయన గాని. అన్నా బాగుండేది.

పదినిమిషాల తరువాత ఫియట్ పలికింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళకు అరటిపళ్ళు ఇద్దామంటే, గెల మాచర్లలో దింపేశాను. వాళ్ళే మా పిల్లలకు చెరొక జామకాయ ఇచ్చి పంపారు.

ఈసారి ఫియట్‌ను ముందు పోనిచ్చి, నేను వెనక వచ్చాను. మేస్త్రీగారు నా పక్కన కూర్చున్నారు. కొంతదూరం ఏమీ మాట్లాడలేదు. దారి ఎడమకు తిరిగినచోట మాత్రం, వేలితో మడ్‌గార్డు వైపు చూపించారు.

‘‘ఎడమ మలుపులో వెనకవాడు ఏ పక్కన ఉంటాడు?’’

ఎడమ పక్కన. మీరూ కాగితం మీద వంకర దారి గీసి, రెండు అగ్గిపెట్టెలు పెట్టి చూడండి. దారి ఎడమకు వంగితే వెనకబండి మీకు ఎడమపక్కకు వస్తుంది. కుడి అద్దంలో ఎంత చూసినా కనిపించదు. ఆ కాలపు కార్లకు చాలావాటికి ఎడమ అద్దం ఉండేది కాదు.

‘‘పెళ్ళివారివి మూడు కార్లు మాట్లాడుకుంటే మీ నాన్న ఎప్పుడూ ముందు ఉండేవాడు’’ అన్నారాయన. ‘‘ఒకసారి ఇట్లాగే వెనకది తప్పిపోయింది. దానిలో ఒక పసిబిడ్డ తల్లి ఉన్నది. రాత్రంతా వెతికాడు. బాగానే ఉన్నారనుకో. తెల్లారి నా షెడ్డుకు వచ్చి, ఈ పక్కన అద్దం పెట్టు అన్నాడు. నేనే పెట్టాను.’’

నాన్నగారు ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. ఆ అద్దం నేను చూస్తూనే పెరిగాను. పండగకు దానికి పసుపు కుంకుమ పెట్టేవాళ్ళం. అదెందుకున్నదని అడగాలని నాకు తోచలేదు.

తరువాత ప్రయాణం బాగానే జరిగింది. ఎత్తిపోతల దగ్గర భోజనాలు చేశాము. చంద్రవంక నది అక్కడ 70 అడుగుల పైనుంచి దూకుతుంది. కింద గుండంలో మొసళ్ళు ఉంటాయి. వాటిని పెంచే కేంద్రం కూడా ఉన్నది. మొసలి నోరు తెరిచినప్పుడల్లా పిల్లవాడు ‘‘హెరాల్డు! హెరాల్డు!’’ అని అరిచాడు. చాపలు పరుచుకుని పదిహేడుమందిమీ ఒక్క వరసలో కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాము. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవారినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని చెబుతారు. మేస్త్రీగారు ఆ మాట ఎత్తి, రెండోసారి పులిహోర పెట్టించుకున్నారు. అప్పుడు నాకు కాస్త ప్రాణం కుదుటపడింది.

మూడుగంటలకు సాగరు చేరాము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట ఇది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. 26 గేట్లూ మూసి ఉన్నాయి. రాళ్ళు పేర్చి కట్టిన ఆ గోడను మేస్త్రీగారు పిల్లలకు చూపించి, ‘‘ఇదంతా మనుషులు నెత్తిన మోసి కట్టారు. వాళ్ళకు రాళ్ళు తెచ్చిన లారీలకు పానాలు నేను అందించాను’’ అన్నారు. ‘‘అయితే ఇది మీరు కట్టారా?’’ అన్నాడు చిన్నవాడు. ఆయన కాసేపు ఆలోచించి, ‘‘కొంచెం’’ అన్నారు.

తిరుగు ప్రయాణం కారెంపూడి మీదుగా. నాగులేటి దగ్గర చీకటి పడింది. అక్కడ వీరుల గుడి ముందు ఒక్క నిమిషం ఆగి, దీపాలు వేసుకుని బయలుదేరాము. నేను చివరన ఉన్నాను. నా ముందు ఫియట్ వెనక దీపాలు రెండు ఎర్రగా కనిపిస్తున్నాయి. వెనక అద్దంలోనుంచి ఆ అమ్మాయి తిరిగి చూసి, కొంతసేపటికొకసారి చెయ్యి ఊపేది. నేను దీపాలు ఆర్పి వెలిగించేవాణ్ణి. నరసరావుపేటదాకా అలాగే వచ్చాము.

మర్నాడు పొద్దున్నే కారు తీసుకుని మేస్త్రీగారి షెడ్డుకు వెళ్ళాను. ఏం కావాలని ఆయన అడగలేదు. అటకమీది నుంచి ఒక పాత బిస్కట్ల డబ్బా దించి, వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీశారు. అదే అద్దం. నేను తీసి పారేయించినప్పుడు ఆయన ఏరి దాచారు. డ్రిల్లు తెచ్చి, నా కొత్త తెల్లరంగు మీదనే, పాత రంధ్రాలు ఎక్కడున్నవో వేలితో తడిమి, అక్కడే పెట్టారు. రంగు పొట్టు రాలింది. నేను చూస్తూ నిలబడ్డాను. ‘వీఏ’ పలక సంగతి ఆ తరువాత అధికారులు చూసుకుంటారు.

బోల్టులు బిగించి, ‘‘లోపల కూర్చో’’ అన్నారు. కూర్చున్నాను. ఆయన నెమ్మదిగా నడుచుకుంటూ కారు వెనక్కి, ఎడమవైపు, షెడ్డు గుమ్మందాకా వెళ్ళి నిలబడ్డారు. కుర్రవాణ్ణి పిలిచి అద్దాన్ని కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పించారు.

‘‘కనిపిస్తున్నానా అబ్బాయ్?’’

‘‘ఇంకొంచెం కిందికి... ఆఁ, కనిపిస్తున్నారు బాబాయ్.’’